దాచిన కాటు
జాంబీ సినిమాల్లో వైద్యశాస్త్రం పాలెంత? వాటిలో తప్పులు బోలెడు. ఒక్క సన్నివేశం మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. పిల్లలున్న ప్రతి ఇంట్లో దాని గురించి మాట్లాడుకోవాలి.

ఆదివారం రాత్రి. ఖిలా వరంగల్‌లో ఒక ఇల్లు అనుకోండి. భోజనాలయ్యాయి. టీవీలో జాంబీ సినిమా నడుస్తోంది. ‘‘ఏం సిన్మాలో ఏమో! అన్నం తిన్నంక చూసేటివేనా ఇవి?’’ అంటూ నానమ్మ లోపలికి వెళ్లిపోయింది. ఏడో తరగతి చదివే మనవడు మాత్రం రెప్ప వేయట్లేదు. తెర మీద ఊరికి ఊరే జాంబీలుగా మారిపోతుంటే వాడికో సందేహం వచ్చింది.

‘‘డాడీ, జాంబీలొస్తే మన కోట ఆపుతదా?’’

‘‘ఎందుకాపదు రా! బయట మట్టికోట, లోపల రాతికోట, చుట్టూ అగడ్త. ఎట్లొస్తయి?’’

ఇలాంటి మాటలు ఆ కోటలో ఏ ఇంట్లోనైనా వినిపించొచ్చు. సరదాగా అడిగినా, పిల్లాడి ప్రశ్న చిన్నదేం కాదు. అంటువ్యాధిని గోడ ఆపుతుందా? రోగిని చూడగానే గుర్తుపట్టగలమా? ఒక్క శాస్త్రవేత్త రాత్రికి రాత్రే మందు కనిపెట్టగలడా? సినిమాలు వీటన్నింటికీ జవాబులు చెబుతాయి. మనకు తెలియకుండానే ఆ జవాబులు మన బుర్రల్లో ఉండిపోతాయి. నిజంగా రోగం వచ్చినప్పుడు వాటినే నమ్ముతాం. అందుకే ఏది నిజమో, ఏది కల్పనో ఒకసారి విడదీసి చూద్దాం.

కోట ఆపలేని శత్రువు

2013లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘వరల్డ్ వార్ జెడ్’ చూసినవాళ్లకు జెరూసలేం గోడ సన్నివేశం గుర్తుండే ఉంటుంది. నగరం చుట్టూ ఎత్తైన గోడ కట్టేసి, లోపల జనం నిశ్చింతగా పాటలు పాడుకుంటుంటారు. ఆ చప్పుడుకు బయటి జాంబీలు చీమల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి గోడ దాటేస్తాయి. చూడటానికి భయంకరంగా ఉంటుంది. అయితే నిజమైన రోగానికి అంత కష్టం అక్కర్లేదు. అది దర్వాజా గుండానే, మనతో పాటే లోపలికి వస్తుంది.

ఇందుకు సాక్ష్యం కోసం జెరూసలేం దాకా పోనక్కర్లేదు. ఓరుగల్లు చరిత్రలోనే ఉంది. ఇది ఆషామాషీ కోట కాదు. గణపతిదేవుడి కాలంలో మొదలై రుద్రమదేవి కాలంలో పూర్తయిన రాతిగోడ వ్యాసం సుమారు 1.2 కిలోమీటర్లు. ఆ గోడకు 45 బురుజులు. దాని బయట రెట్టింపు వ్యాసంతో మట్టిగోడ. ఢిల్లీ నుంచి పెద్ద సైన్యంతో వచ్చిన ఉలుగ్ ఖాన్ మొదటి ముట్టడిలో దీన్ని గెలవలేకపోయాడు. ఢిల్లీలో సుల్తాన్ చనిపోయాడన్న పుకారు సైన్యంలో పాకడంతో ముట్టడి చెదిరిపోయింది. అతను మళ్లీ వచ్చి 1323లో కోటను పట్టుకున్నాడు. రెండేళ్ల తర్వాత అతనే మహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుతో సుల్తాన్ అయ్యాడు.

అసలు కథ ఆ తర్వాత. 1335 ప్రాంతంలో దక్షిణాన మాబార్‌లో తిరుగుబాటును అణచడానికి తుగ్లక్ స్వయంగా బయల్దేరి ఓరుగల్లు చేరాడు. అప్పటికి ఇది ఆయన కోటే. ఎదురించేవాళ్లు లేరు, మూసిన దర్వాజాలు లేవు. కానీ అక్కడ సైన్యంలో రోగం పుట్టింది. ఎందరో సర్దార్లు, సైనికులు చనిపోయారని, సుల్తాన్ కూడా జబ్బున పడ్డాడని ఆనాటి చరిత్రకారుడు జియావుద్దీన్ బరనీ రాశాడు. ఆయన వాడిన మాట ‘వబా’. అంటే మహమ్మారి. సుల్తాన్ మాబార్ ఆశ వదులుకుని దేవగిరికి మళ్లిపోయాడు. సుల్తాన్ చనిపోయాడన్న పుకారు ఈసారి కూడా లేచింది. కొద్దికాలానికే ఓరుగల్లు ముసునూరి కాపయ నాయకుడి వశమైంది.

అంటే, ఈ కోట దగ్గర ఒకే మనిషిని రెండుసార్లు వెనక్కి పంపినవి రెండు. ఒకటి పుకారు, రెండోది రోగం. రెండూ అంటుకునేవే. ఏ గోడకూ ఆగనివే.

కాలాన్ని బట్టి భయం

జాంబీ అనే ఊహ హైతీలోని జానపద నమ్మకాల నుంచి వచ్చింది. ఇప్పుడు మనం తెర మీద చూసే గుంపుల జాంబీలకు మూలం 1968లో జార్జ్ రొమెరో తీసిన ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’. గమ్మత్తేమిటంటే అందులో వైరస్ ప్రస్తావనే లేదు. శుక్రగ్రహం నుంచి తిరిగొచ్చిన అంతరిక్ష నౌక రేడియేషనే కారణం కావొచ్చని చెబుతారు. అది అంతరిక్ష పోటీల కాలం, అణుబాంబు భయాల కాలం మరి. తర్వాత భయం మారింది, కథా మారింది. 2002లో ‘28 డేస్ లేటర్’లో ప్రయోగశాల చింపాంజీల నుంచి తప్పించుకున్న వైరస్. 2007లో ‘ఐ యామ్ లెజెండ్’లో క్యాన్సర్‌ను నయం చేద్దామని మార్పులు చేసిన తట్టు వైరస్. 2016లో వచ్చిన తమిళ సినిమా ‘మిరుదన్’లో ఒలికిన రసాయనం, దాన్ని నాకిన కుక్క, ఆ కుక్క కాటు.

తెలుగులో తొలి జాంబీ సినిమాగా చెప్పుకునే ‘జాంబీ రెడ్డి’ 2021 ఫిబ్రవరి 5న విడుదలైంది. ప్రశాంత్ వర్మ దర్శకుడు, తేజ సజ్జా హీరో. కర్నూలు ప్రాంతంలో పెళ్లికి వెళ్లిన స్నేహితులు, ఫ్యాక్షన్ కక్షలు, మధ్యలో జాంబీలు. హాయిగా నవ్వించిన సినిమా. కథకు మూలం మాత్రం కొవిడ్ మందు ప్రయోగం వికటించడం. అది వచ్చిన సమయం ఒకసారి గుర్తు చేసుకోండి. దేశంలో కొవిడ్ టీకాలు మొదలైంది 2021 జనవరి 16న. సరిగ్గా 20 రోజులకు ఈ సినిమా వచ్చింది. అప్పుడు ఏ ఇంట్లో చూసినా ఒకటే చర్చ: ‘టీకా వేయించుకోవాలా, వద్దా?’

సినిమాను తప్పుపట్టాల్సిన పనిలేదు. అది జనంలో ఉన్న భయాన్నే తీసుకుని నవ్వు పుట్టించింది. కానీ ఆ భయం వెనకున్న ఊహను మాత్రం సరిచేసుకోవాలి.

ఒక్క శాస్త్రవేత్త, ఒక్క రాత్రి

తెర మీద టీకా పుట్టే తీరు మనకు బాగా అలవాటైంది. చీకటి గది, రంగునీళ్ల సీసాలు, ఒంటరి శాస్త్రవేత్త. ఎవరికీ చెప్పకుండా ఒక మనిషికి సూది గుచ్చుతాడు. వికటిస్తే ప్రళయం, ఫలిస్తే లోకానికి విముక్తి.

నిజంలో ఈ పనంతా గుంపుగా, నెమ్మదిగా, అందరికీ లెక్క చెబుతూ సాగుతుంది. ముందు జంతువులపై పరీక్షలు. తర్వాత కొద్దిమంది ఆరోగ్యవంతులపై, ఆపై వందలమందిపై, చివరగా వేలమందిపై. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో తయారైన కొవాగ్జిన్ మూడో దశ పరీక్షల్లో సుమారు 25,800 మంది పాల్గొన్నారు. కొందరికి టీకా, కొందరికి ఉత్తుత్తి మందు వేస్తారు. ఎవరికి ఏది వేశారో వాళ్లకూ తెలియదు, వేసినవాళ్లకూ తెలియదు. ఎవరికి జబ్బు చేసిందో చివర్లో లెక్క తీస్తారు. ప్రయోగంలో ఎవరికైనా ఇబ్బంది వస్తే పరిశీలించడానికి స్వతంత్ర నిపుణుల బృందం ఉంటుంది. అవసరమైతే పరీక్షలు ఆపమనే అధికారం వాళ్లకుంటుంది.

ఇందులో సినిమాకు పనికొచ్చే ఉత్కంఠ ఏమీ లేదు. ఉన్నదల్లా జాగ్రత్త. టీకాను నమ్మడానికి కారణం కూడా అదే.

పన్నెండు సెకన్ల అబద్ధం

జాంబీ సినిమాల్లో అతిపెద్ద తప్పు ఏదంటే, వేగం. ‘వరల్డ్ వార్ జెడ్’లో కాటు పడిన మనిషి పన్నెండు సెకన్లలో మారిపోతాడు. ‘28 డేస్ లేటర్’లోనూ అంతే, అర నిమిషం కూడా పట్టదు. కథకు ఇది బాగుంటుంది. నిజంగా అలాంటి రోగం ఉంటే దాన్ని పట్టుకోవడం చాలా తేలిక. ఎందుకంటే రోగి ఎవరో అందరికీ కనిపిస్తుంది. పన్నెండు సెకన్లలో పడిపోయేవాడు రైలెక్కి ఇంకో ఊరికి పోలేడు.

వైరస్ ఒంట్లో చేరడానికి, లక్షణాలు బయటపడటానికి మధ్య కొంత వ్యవధి ఉంటుంది. దీన్నే ఇంక్యుబేషన్ పీరియడ్ అంటారు. తొలి రకం కొవిడ్‌కు ఇది సగటున 5 రోజులు, కొందరిలో 14 రోజుల దాకా. ఈ వ్యవధిలో మనిషి మామూలుగానే ఉంటాడు. ఆఫీసుకు వెళ్తాడు, పెళ్లికి వెళ్తాడు. లక్షణాలు కనిపించక ముందే ఇతరులకు అంటించగలిగే రోగాలు కొన్ని ఉన్నాయి. తట్టు సోకిన పిల్లలు ఒంటి మీద దద్దు కనిపించడానికి 4 రోజుల ముందు నుంచే అంటిస్తారు. ఆటలమ్మ ఒకటి రెండు రోజుల ముందు, ఫ్లూ దాదాపు ఒక రోజు ముందు నుంచి.

2003లో వచ్చిన సార్స్, 2020 నాటి కొవిడ్ రెండూ ఒకే కుటుంబానికి చెందిన వైరస్‌లు. సార్స్ ఎనిమిది వేల పైచిలుకు మందికి సోకి, కొన్ని నెలల్లోనే కట్టడి అయింది. కొవిడ్ ప్రపంచమంతా పాకింది. ఈ తేడాకు ముఖ్య కారణాల్లో ఒకటి ఇదే. సార్స్ రోగి జబ్బు ముదిరాకే ఎక్కువగా అంటించేవాడు. అప్పటికి ఆసుపత్రిలో ఉండేవాడు కాబట్టి వేరుగా ఉంచగలిగారు. కొవిడ్ రోగి దగ్గు రాకముందే అంటించేవాడు.

అంటే, రోగాల్లో అన్నింటికంటే తిప్పలు పెట్టేది వికారంగా అరుస్తూ మీదికొచ్చేది కాదు. నవ్వుతూ పలకరించే మనిషిలో కనిపించకుండా ఉండేది.

మరి క్వారంటైన్ ఎందుకంటే సరిగ్గా ఇందుకే. 1377లో, అంటే ఓరుగల్లులో తుగ్లక్ సైన్యం జబ్బుపడిన నలభై ఏళ్లకు, ఇప్పటి క్రొయేషియాలోని డుబ్రోవ్‌నిక్ రేవు పట్టణం ఒక నియమం పెట్టింది. ప్లేగు ఉన్న చోటు నుంచి వచ్చేవాళ్లు 30 రోజులు ఊరికి దూరంగా ఆగాలి. తర్వాత అది 40 రోజులైంది. నలభై అనే అర్థమున్న ఇటాలియన్ మాట నుంచే క్వారంటైన్ అన్న పేరొచ్చింది. గమనించండి, అది రోగులను తరిమేయడం కాదు. ఎవరిలో రోగం ఉందో కళ్లకు కనిపించదు కాబట్టి కొన్నాళ్లు ఓపిక పట్టడం.

జాంబీల లెక్కల మాస్టార్లు

జాంబీలను శాస్త్రవేత్తలు పట్టించుకోరనుకుంటే పొరపాటే. 2009లో కెనడాలోని ఒట్టావాకు చెందిన గణిత పరిశోధకులు అంటువ్యాధుల లెక్కలను జాంబీలకు వర్తింపజేసి ఒక అధ్యయనం ప్రచురించారు. వాళ్లకు తేలిందేమిటంటే, జాంబీలను క్వారంటైన్ చేసినా, మందు కనిపెట్టినా చాలదు. పదేపదే గట్టిగా దెబ్బకొడితేనే మనుషులు మిగులుతారు.

ఈ లెక్క మనకు ఎందుకంటే, అసలు రోగాలకూ జాంబీలకూ ఉన్న తేడా అందులోనే ఉంది. ఒక రోగి సగటున ఎంతమందికి అంటిస్తాడన్న లెక్కను ‘ఆర్ నాట్’ అంటారు. ఎవరిలోనూ ముందుగా రక్షణ లేని చోట తట్టు రోగి ఒక్కడు 12 నుంచి 18 మందికి అంటించగలడు. తొలి కొవిడ్‌లో ఇది 2 నుంచి 3. కానీ నిజమైన రోగం నుంచి కోలుకున్న మనిషి ఒంట్లో చాలా వరకు రక్షణ ఏర్పడుతుంది. టీకా వేసుకున్నవాళ్లలోనూ అంతే. వాళ్లు పెరిగేకొద్దీ వైరస్‌కు దారులు మూసుకుపోతాయి. పొలంలో మంట పచ్చి గడ్డి దాకా వచ్చి ఆగినట్టు ఆగిపోతుంది. జాంబీ కథల్లో ఈ కోలుకున్న మనిషే ఉండడు. చచ్చినవాడు కూడా లేచి అవతలి పక్షంలో చేరతాడు. అందుకే అక్కడ తుపాకీ తప్ప దారి లేదు.

మన దగ్గర అసలైన కోటగోడ కోలుకున్నవాళ్లు, టీకా వేసుకున్నవాళ్లు కట్టేదే. తట్టు వ్యాపించకుండా ఉండాలంటే నూటికి 95 మంది పిల్లలకు టీకా పడాలని చెప్పేది ఈ లెక్కతోనే.

అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2011 మేలో ‘జాంబీలు వస్తే ఏం చేయాలి’ అని ఏకంగా ఒక వ్యాసమే పెట్టింది. చదవడానికి జనం ఎగబడటంతో వాళ్ల వెబ్‌సైట్ మొరాయించింది. అందులో చెప్పింది మాత్రం మామూలు సంగతులే. ఇంట్లో కొన్ని రోజులకు సరిపడా నీళ్లు, తిండి, రోజూ వేసుకునే మందులు, ముఖ్యమైన కాగితాలు ఒకచోట ఉంచుకోండి, కుటుంబమంతా కలుసుకునే చోటు ముందే అనుకోండి అని. తుపానుకైనా, వరదకైనా, మహమ్మారికైనా పనికొచ్చే జాగ్రత్తలే అవి.

నిజం చెప్పిన ఒక్క సన్నివేశం

ఇన్ని తప్పుల మధ్య జాంబీ సినిమాలు ఒక్కదాన్ని మాత్రం అచ్చంగా పట్టుకుంటాయి. చాలా సినిమాల్లో ఈ సన్నివేశం ఉంటుంది. గుంపులో ఒకడికి కాటు పడుతుంది. చొక్కా చెయ్యి కిందికి లాగి దాచేస్తాడు. ‘ఏమైంది?’ అని అడిగితే ‘ఏం లేదు, గీసుకుపోయింది’ అంటాడు. చూస్తున్న మనం ‘అయ్యో, చెప్పెయ్ రా!’ అనుకుంటాం. వాడు చెప్పడు. ఎందుకంటే, చెబితే చంపేస్తారు. కనీసం బయటికి గెంటేస్తారు.

కొరియా సినిమా ‘ట్రైన్ టు బుసాన్’లో ప్రాణాలకు తెగించి వచ్చిన తోటి ప్రయాణికులను సైతం ‘మీకూ అంటుకుని ఉంటుంది’ అంటూ ఒక పెట్టెలోనివాళ్లు దూరం పెడతారు. చివరికి తలుపులు వేసుకున్న ఆ పెట్టే స్మశానమవుతుంది.

దీనికీ నిజజీవితానికీ తేడా లేదు. కొవిడ్ తొలి నెలలు గుర్తు తెచ్చుకోండి. పాజిటివ్ వస్తే వీధికి బారికేడ్లు కట్టేవారు. ఇరుగుపొరుగు చూపు మారిపోయేది. దాంతో జ్వరం వచ్చినా గోలి వేసుకుని ఊరుకున్నవాళ్లు, పరీక్షకు వెళ్లనివాళ్లు మనకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు. టీబీ సంగతీ అంతే. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే పరీక్ష చేయించుకోవాలి. కానీ పెళ్లి కావాల్సిన అమ్మాయి ఉందనో, ఉద్యోగం పోతుందనో దాచిపెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. దాచిన ఆ దగ్గు ఇంట్లో చిన్నపిల్లలకూ, ముసలివాళ్లకూ పాకుతుంది.

అంటువ్యాధుల శాస్త్రంలో మొదటి పని రోగం ఎక్కడుందో తెలుసుకోవడం. చెప్పే మనిషి లేకపోతే ఏ ల్యాబూ, ఏ కంప్యూటరూ దాన్ని కనిపెట్టలేవు. శిక్ష పడుతుందంటే ఎవరూ చెప్పరు. ఈ చిన్న సూత్రంతోనే మన దేశం మశూచిని తరిమేసింది. చివరి ఏళ్లలో ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ, సంతలకూ మశూచి బొమ్మలు పట్టుకుని తిరిగారు. రోగి ఉన్నాడని చెప్పినవాళ్లకు నగదు బహుమతి ప్రకటించారు. అది పెరుగుతూ పెరుగుతూ 1,000 రూపాయలకు చేరింది. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. సమాచారం రాగానే ఆ రోగి చుట్టుపక్కల అందరికీ టీకాలు వేసేవారు. 1975 మే తర్వాత దేశంలో మశూచి కేసు లేదు. చెప్పినవాడిని కాల్చే లోకంలో జాంబీలు గెలిచాయి. చెప్పినవాడికి బహుమతి ఇచ్చిన దేశంలో మశూచి ఓడిపోయింది.

మన వీధిలోని జాంబీ వైరస్

ఇప్పుడు మన ఇంటి విషయానికి వద్దాం. కాటుతో అంటుకుని, మెదడుకు ఎక్కి, మనిషి ప్రవర్తననే మార్చేసే వైరస్ నిజంగానే ఉంది. దాని పేరు రేబిస్. కాటు, నోటి నుంచి కారే చొంగ, ఉద్రేకం.. జాంబీ లక్షణాల్లో చాలావాటికి పోలిక ఇందులో కనిపిస్తుంది. ఒక్క తేడా ఏమిటంటే, రేబిస్ రోగి ఇతరులను కరుస్తూ తిరగడు. మనిషి నుంచి మనిషికి ఇది సోకడం అత్యంత అరుదు. ఆ రోగి భయపెట్టేవాడు కాదు, భయంతో అల్లాడేవాడు. గుక్కెడు నీళ్లు మింగబోతే గొంతు కండరాలు పట్టేసి విలవిల్లాడతాడు.

ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 59 వేల మంది రేబిస్‌తో చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇందులో మూడో వంతుకు పైగా, అంటే 36 శాతం మన దేశంలోనే. రేబిస్ అనుమానమున్న జంతువుల కాటుకు గురైనవాళ్లలో 40 శాతం 15 ఏళ్ల లోపు పిల్లలు. లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు.

మరి ఊరట ఏమిటి? వైరస్ నిదానమే. కాటు పడిన చోటు నుంచి నరాల వెంట మెల్లగా మెదడు వైపు పాకుతుంది. లక్షణాలు రావడానికి సాధారణంగా 2 నుంచి 3 నెలలు పడుతుంది. కొందరిలో వారం లోపే రావొచ్చు, కొందరిలో ఏడాదీ పట్టొచ్చు. మొహం, మెడ, చేతుల మీద కాటైతే ముప్పు ఇంకా దగ్గర. వైరస్ మెదడుకు చేరేలోగా టీకా పనిచేస్తే మనిషి పూర్తిగా దక్కుతాడు. 1885 జులైలో లూయీ పాశ్చర్ కుక్క కరిచిన తొమ్మిదేళ్ల పిల్లాడికి టీకా వేసినప్పుడు నిలబడింది ఈ వ్యవధి మీదే. సినిమాలో పన్నెండు సెకన్లు. ఇక్కడ చేతిలో సమయం ఉంది. దాన్ని పోగొట్టేది ఒక్కటే: చెప్పకపోవడం.

పిల్లలు ఎందుకు చెప్పరు? ‘ఆ కుక్కల జోలికి పోవద్దని ఎన్నిసార్లు చెప్పినా!’ అని తిడతామని. సూది వేయిస్తారని. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లంటూ పెద్దవాళ్లు చెప్పిన కథలు విని. ఆ పాత టీకా ఇప్పుడు లేదు. మన దేశంలో 2005 నాటికే దాన్ని పక్కన పెట్టేశారు. ఇప్పుడు వేసేది జబ్బకే.

కాటు పడితే ఏం చేయాలి?

* వెంటనే ధారగా పడే నీళ్ల కింద పెట్టి, సబ్బుతో 15 నిమిషాల పాటు గాయాన్ని కడగాలి. గడియారం చూసి మరీ కడగండి. సబ్బు వైరస్ పై పొరను దెబ్బతీస్తుంది.

* పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి, కిరోసిన్, ఆకు పసరు.. ఏదీ పెట్టొద్దు. మంత్రం వేయించి ఊరుకోవద్దు. కట్టు బిగించొద్దు. కుట్లు వేయాలా, ఎప్పుడు వేయాలన్నది డాక్టరే చెబుతారు.

* రక్తం రాకపోయినా, చర్మం మీద గోటి గీత పడినా టీకా అవసరమే. రక్తం వచ్చినా, పుండు మీద గానీ నోరు, కళ్ల దగ్గర గానీ నాకినా టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి. టీకా పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆలోగా రక్షణ ఇచ్చేది ఇదే. దీన్ని గాయంలోనూ, చుట్టూ ఎక్కిస్తారు. గాయాలు లేని చర్మాన్ని నాకితే మాత్రం కడుక్కుంటే చాలు.

* టీకా కండరానికి వేస్తే మొదటి రోజుతో మొదలుపెట్టి 3, 7, 14, 28 రోజులకు. చర్మం పొరలో వేస్తే మొదటి రోజు, 3, 7, 28 రోజులకు. ‘గాయం మానిపోయింది కదా’ అని మధ్యలో ఆపొద్దు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ టీకా ఉచితం.

* కుక్కను 10 రోజులు గమనించడం మంచిదే. కానీ అంతవరకు టీకా ఆపుకుని కూర్చోవద్దు. ముందు టీకా మొదలుపెట్టాలి. కుక్క 10 రోజుల తర్వాత కూడా ఆరోగ్యంగా ఉంటే మిగతా డోసుల సంగతి డాక్టర్ చూసుకుంటారు.

* పెంపుడు కుక్క కరిచినా, పిల్లి రక్కినా, కోతి కరిచినా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. గర్భిణులు, చంటిపిల్లలు కూడా ఈ టీకా వేయించుకోవచ్చు.

* గతంలో పూర్తి కోర్సు వేయించుకున్నా మళ్లీ కాటు పడితే చెప్పాలి. సాధారణంగా రెండు డోసులతో సరిపోతుంది.

ఇక వీధి సంగతి. ఒక ప్రాంతంలోని కుక్కల్లో నూటికి 70కి టీకా పడితే వాటి మధ్య రేబిస్ గొలుసు తెగిపోతుందన్నది నిపుణుల లెక్క. మీ పెంపుడు కుక్కకు ఏటా టీకా వేయించడం, వీధి కుక్కలకు టీకాలు వేసే బృందం వస్తే సహకరించడం కూడా ఆ కోటకు ఒక రాయి మోయడమే.

సినిమా అయ్యాక ఒక్క మాట

ఇంతకీ జాంబీలొస్తే కోట ఆపుతుందా? ఆ పిల్లాడికి ఏం చెబుదాం? కోట గోడలు సైన్యాలను ఆపడానికి కట్టారు, రోగాలను కాదు. రోగాన్ని ఆపేవి వేరే ఉన్నాయి. వేళకు వేయించిన టీకా, సబ్బు, నీళ్లు, ఇంకా అన్నింటికంటే ముందు ఇంట్లో భయం లేకుండా నోరు విప్పగలిగే చనువు.

పిల్లలను జాంబీ సినిమాలు చూడొద్దని తిట్టక్కర్లేదు. వాళ్ల వయసుకు తగినవైతే పక్కన కూర్చుని కలిసే చూడండి. కాటు దాచుకునే సన్నివేశం వస్తుంది. అప్పుడు ‘వీడెందుకు చెప్పట్లేదు?’ అని అడగండి. పిల్లల జవాబు వినండి. ఆ తర్వాత టీవీ కట్టేసే ముందు ఇది చెప్పండి:

‘‘కుక్క కరిచినా, పిల్లి గీరినా, కోతి రక్కినా, చిన్న గీతే అయినా సరే, ముందు వచ్చి నాకు చెప్పాలె. నేను తిట్టను.’’

చెప్పాక, ఆ మాట మీద నిలబడండి.